నూట ఇరవయ్యో సీసా

ఆ డిగ్రీ కాలేజీలో ఆగస్టు నుంచి విద్యార్థుల ప్రవర్తన సమస్యలను వాళ్ల ఒంట్లోంచి బయటికి తీసి, గాజు సీసాల్లో పెట్టి మూత బిగిస్తున్నారు. సీసాలు కొత్తవి కావు. కప్పలను కోయించడం మానేశాక జువాలజీ ల్యాబులో ఊరికే పడి ఉన్నవే. పద్ధతి కూడా తేలికే. విద్యార్థి నలభై ప్రశ్నల పత్రం నింపి, సమ్మతి పత్రం మీద సంతకం చేసి, స్టూలు మీద కూర్చుని ఒకసారి దగ్గాలి. అటెండరు సాయిలు గడ్డం కింద సీసా పట్టుకుంటాడు. సమస్య అందులో పడుతుంది. విద్యార్థి మంచినీళ్లు తాగి క్లాసుకు వెళ్లిపోతాడు.

పరిశోధకుడు సోషియాలజీ లెక్చరర్ వెలిశాల దామోదర్. స్టాఫ్ రూమ్ బోర్డు మీద పేరుకు ముందు ‘డాక్టర్’ లేనిది ఆయన ఒక్కడికే. పద్నాలుగేళ్లుగా ఆ బోర్డు కింద నుంచే నడిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోయినా జరగాల్సింది జరిగింది, అదే ఈ కథలో బాధ.

మొదట్లో పని చకచకా సాగింది. వెనక బెంచీ ఈలను మూడో సీసాలో పెట్టారు. అది పాఠం జరిగేటప్పుడు మాత్రమే మోగేది. రోజూ ఆలస్యంగా వచ్చే బీకాం కుర్రాడి సమస్య, అతను దగ్గి వెళ్లిపోయిన పావుగంటకు వచ్చి సీసాలో పడింది. అందాకా సాయిలు సీసా పట్టుకుని నిలబడే ఉన్నాడు. చూచిరాత సమస్య పక్క సీసాలోదాన్ని చూసి అచ్చం దానిలాగే తయారైంది. ఏది ఏదో తెలియక రెండింటికీ ఒకే చీటీ అంటించారు. కాలేజీ మాత్రం ప్రశాంతంగా మారింది. ఊరకున్నంత ఉత్తమం లేదని ప్రిన్సిపాల్ మీటింగులో రెండుసార్లు అన్నారు.

చిక్కు నూట పంతొమ్మిది దగ్గర వచ్చింది. కమిటీ ఆమోదించిన ప్రణాళికలో నూట ఇరవై అని ఉంది. సోమవారం పీహెచ్‌డీ గ్రంథం సమర్పించాలి. గైడుకు ఫోన్ చేసి, ఒకటి తగ్గితే ఏమవుతుందని అడగబోయాడు దామోదర్. “నూట ఇరవై అంటే నూట ఇరవయ్యే,” అని ఆయన పెట్టేశాడు. కాలేజీలో సమస్య ఉన్నవాళ్లందరివీ తీసేశారు. మిగిలింది కస్తాల రేణుక. బీఎస్సీ మూడో సంవత్సరం. ఎమ్మెస్సీ చేయాలని ఆశ. క్లాసుకు ముందే వస్తుంది, నోట్సు రాస్తుంది. పత్రంలో ఇరవై ఏడో ప్రశ్న, ‘అధ్యాపకులకు ఎదురు ప్రశ్న వేస్తారా?’ అన్న దగ్గర ‘అప్పుడప్పుడు’ అని నిజం రాసింది. ఆ ఒక్క జవాబుతో ఆమె సమస్యాత్మక విద్యార్థిని అయింది.

నిజానికి దామోదర్ పాఠం మధ్యలో చెయ్యెత్తి ‘ఎందుకు సార్?’ అని అడిగేది ఆ పిల్ల ఒక్కతే. ఆమె అడిగిన రోజు ఆయనకు ఇంటికి వెళ్లాక కూడా హుషారుగా ఉండేది.

“ఒక్క నెలే అమ్మా. వైవా అయినంక నీది నీకు ఇచ్చేస్త.”

“నాదే ఎందుకు సార్?” అంది రేణుక.

దామోదర్ సమ్మతి పత్రం ఆమె ముందుకు జరిపాడు. ఆయన ముఖం చూసి జాలిపడి ఆమె దగ్గింది. గురిగింజంత ఉన్నది సీసాలో పడి గాజుకు అతుక్కుంది.

మేలో ఫలితాలు వచ్చాయి. రేణుకకు కెమిస్ట్రీలో గైర్హాజరు అని పడింది. పరీక్ష రోజు ఆమెకు జవాబు పత్రం చేతికిచ్చింది దామోదరే. గుమాస్తా కిటికీలోంచి తల ఎత్తకుండా, “నువ్వు పరీక్షకు రాలేదంట. వచ్చే ఏడు మళ్ల రాసుకో,” అన్నాడు.

“సరే సార్,” అంది రేణుక.

వెనక నిలబడ్డ దామోదర్ నోరు తెరిచాడు. “సిస్టంల అట్లనే ఉన్నది సార్,” అన్నాడు గుమాస్తా. “అట్లనా,” అన్నాడు దామోదర్. ఎమ్మెస్సీ సీటు అలా రెండు మాటల్లో పోయింది.

ఆ మధ్యాహ్నమే ఆయన యూనివర్సిటీకి పరుగెత్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. వైవా అయిపోగానే సీసాలు గ్రంథానికి అనుబంధాలుగా లైబ్రరీ సొత్తయ్యాయి. తిరిగి కావాలంటే విద్యార్థే స్వహస్తాలతో దరఖాస్తు చేయాలి, ఎందుకు కావాలో కారణం రాయాలి. ఫారం తెచ్చి రేణుక ముందు పెట్టాడు. పేరు రాసింది, హాల్‌టికెట్ నంబరు రాసింది. కారణం దగ్గర కలం ఆగింది.

“నాకేం కారణం ఉంటది సార్? మీరు తీసుకున్నరంటే మంచికే తీసుకుని ఉంటరు.”

ఫారం మడిచి ఆయన చేతికిచ్చి, దండం పెట్టి వెళ్లిపోయింది. అంత సిగ్గు ఆయనకు పుట్టి బుద్ధెరిగాక కలగలేదు. ఆమెది రాకపోతే తనదే ఇచ్చేద్దామనుకున్నాడు. పెద్దది కాకపోయినా, పాతదైనా, పిల్లకు పనికొస్తుంది. సాయిలును పిలిచి స్టూలు మీద కూర్చున్నాడు. దగ్గాడు. మళ్లీ దగ్గాడు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా దగ్గాడు. సాయిలు ఓపికగా సీసా పట్టుకుని చూసి, చివరికి మూత పెట్టేశాడు.

“లోపల లేదు సార్. ఉన్నోళ్లకు ఒక్క దగ్గుకే వస్తది,” అని మంచినీళ్లు అందించాడు.

జూన్‌లో బోర్డు మీద పేరు మార్చారు. అదే వారం పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పరిశోధన సత్ఫలితాలిచ్చింది కనుక ఆరో తరగతి నుంచి అన్ని బళ్లకూ విస్తరిస్తారు. సీసాలు నాలుగు వేలు. సమన్వయకర్త డాక్టర్ వెలిశాల దామోదర్. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. కింద ‘చదివి ఆమోదించితిని’ అని ముందే అచ్చు వేసి ఉంది. కలం ఎక్కడుందని వెతుక్కుని, సంతకం చేశాడు.