అయిదేళ్ళ చదువుకి ఒక్క మందార పువ్వు

అయిదేళ్ళ ప్రాథమిక విద్యకి ఒక్క పాఠం చాలు! రెండో పాఠం శుద్ధ దండగ!

కోప్పడకండి. ఏదో తోచక అంటున్న మాట కాదు. విద్యాశాఖలో పందొమ్మిదేళ్ళు కుర్చీ అరగదీసి, ఫైళ్ళ దుమ్ము పీల్చి, దగ్గు తెచ్చుకున్నవాణ్ణి. నాకు తెలీదా?

మన దేశంలో చదువు చరిత్ర తిరగేయండి. వీధిబడిలో పంతులుగారు ఇసకలో ఓనమాలు దిద్దించారు. తెల్లదొరలొచ్చి, అసలు పంతులుగారికే చదువు చెప్పడం రాదని కనిపెట్టి ఆయనకి ట్రైనింగు పెట్టారు. స్వరాజ్యం వచ్చాక బేసిక్ విద్య అన్నారు. పిల్లలు తకిలీలు తిప్పారు, నూలంతా చిక్కుపడింది. ఆ తర్వాత ప్రణాళిక వెంట ప్రణాళిక వచ్చింది. వచ్చినవన్నీ వచ్చిన దారినే పోయాయి. నిలబడింది ఒక్కటే, మందార పువ్వు!

బెజవాడలో కాలవ పక్కన ఒక ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఉంది. పేరు చెప్పను, చెబితే కమిటీ వేస్తారు. దాన్ని ఆనుకుని ఒక ప్రాథమిక పాఠశాల. కాబోయే టీచర్లు పాఠం చెప్పడం నేర్చుకునేది ఈ పిల్లల మీదే. క్షవరం నేర్చుకునేవాడికి ఎవరిదో ఒక తల కావాలి కదా!

ఏడాదికి ముప్ఫై ఇద్దరు ట్రెయినీలు. ఏడాది చివర పరీక్షాధికారి ముందు తలా ఒక పాఠం చెప్పాలి. ముప్ఫై ఇద్దరూ చెప్పేది మందార పువ్వు భాగాలే. ఎందుకంటారా? చార్టు సీనియర్లు ఇచ్చిపోతారు. లెసన్ ప్లాను వాళ్ళ పుస్తకంలోంచి ఎత్తి రాసుకోవచ్చు. అన్నిటికీ మించి, పిల్లలకి జవాబులు నోటికొచ్చు. లెసన్ ప్లానులో "పిల్లల నుంచి ఆశించే జవాబు" అని ఒక గడి ఉంటుంది. ఈ దేశంలో ఆశించింది ఆశించినట్టు దొరికే చోటు అదొక్కటే!

టీచరు "పిల్లలూ, మీ ఇంటి..." అనగానే నలభై గొంతులు "మందార పువ్వండీ!" అంటాయి. ప్రశ్న ఇంకా టీచరు నోట్లోనే ఉంటుంది. ఒకసారి ఓ ట్రెయినీ కంగారులో చార్టు తగిలించడం మరిచిపోతే, మూడో వరసలోంచి ఓ పిల్ల లేచి "చార్టండీ, చార్టు!" అని గుర్తు చేసింది. ట్రెయినీలకి శిక్షణ ఒక్క ఏడాదే. పిల్లలకి అయిదేళ్ళు!

బడి ఎదురింటి పద్మావతమ్మగారికే కొంచెం ఇబ్బంది. పరీక్షల నెలలో ఆవిడ పెరట్లో మందార చెట్టుకి పువ్వు మిగలదు. "ఆ చెట్టుకి కూడా జీతం ఇప్పించండయ్యా! నా దేవుడికి నేను కాయితం పూలు పెట్టుకుంటా!" అని గోడ మీంచి కేకేస్తుంది.

ఇంత చక్కగా నడుస్తున్న చోటికి 1974లో అమలమ్మ వచ్చిపడింది.

అమలమ్మది ఉయ్యూరు పక్కన పల్లె. అక్కడ ఏకోపాధ్యాయ పాఠశాలలో పదేళ్ళు పాఠాలు చెప్పింది, ట్రైనింగు లేకుండానే! ఎంత సాహసమో చూడండి. పిల్లల మనసుని పాఠం వైపు తిప్పడాన్ని ఉన్ముఖీకరణం అంటారని కూడా తెలియకుండా వాళ్ళకి చదవడం నేర్పేసింది. పంచదార ఫ్యాక్టరీ వాళ్ళు రైతులకిచ్చే కటింగ్ ఆర్డరు చీటీలు తెప్పించి, వాటి మీద నేర్పింది. చెరుకు ఏ తారీఖున కొట్టాలో నాలుగో తరగతి కూతురు చదివి చెబితే తండ్రి కత్తి పట్టుకుని బయల్దేరేవాడు. ఎంత అశాస్త్రీయం!

ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుందా? సర్టిఫికెట్టు తెచ్చుకోకపోతే ఉద్యోగం ఉండదని తాఖీదు పంపింది. అమలమ్మ బడికి తాళం వేసి, "ఏడాదిలో వచ్చేస్తానర్రా, చదివింది మర్చిపోకండి" అని పిల్లలకి మాటిచ్చి బెజవాడ బస్సెక్కింది.

వచ్చిన వారంలోనే చెయ్యకూడని పని ఒకటి చేసింది. అయిదో తరగతిలో కుల్సుం అని ఓ పిల్ల ఉంది, రిక్షా టాపులు కుట్టే బాబ్జాన్ కూతురు. ఆ పిల్ల "రక్షక పత్రావళి, ఆకర్షణ పత్రావళి, కేసరావళి, అండకోశం" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. అమలమ్మ ముచ్చటపడి పలక చేతికిచ్చి, "ఏదీ, నీ పేరు రాయమ్మా" అంది.

కుల్సుం పలక వంక చూసి, "అది పాఠంలో లేదండీ" అంది.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అమలమ్మకి ఏడుపొచ్చింది.

"మనకెందుకండీ?" అన్నాడు తోటి ట్రెయినీ రామకోటేశ్వరరావు. "మన పాఠం మనం చెప్పుకుని పోదాం. ఆ పిల్ల జవాబు చెబుతోందిగా!"

ఎంత బుద్ధిమంతుడు! అమలమ్మ వింటేగా? రోజూ బడి వదిలాక ఆ పిల్లని అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. వీధిలో పోయే రిక్షాల వెనక రాసిన పేర్లన్నీ చదివించింది. ఎనిమిది నెలల పాటు ఇదే పని!

పరీక్ష రోజు వచ్చింది. రామకోటేశ్వరరావు పాఠం నల్లేరు మీద బండిలా సాగింది. పిల్లలు జవాబులు ముందే ఇచ్చేయడంతో పది నిమిషాలు మిగిలింది కూడా. ఫస్టు క్లాసు!

తర్వాత అమలమ్మ. చార్టు తగిలించింది, బాగానే ఉంది. కానీ నల్లబల్ల మీద భాగాల పేర్లు మామూలు వరసలో రాయలేదు. చివరిది పైన, మొదటిది అడుగున రాసింది. పైమాట మీద కర్ర పెట్టి, "ఇదేమిటో చదవండి" అంది.

"రక్షక పత్రావళండీ!" అన్నారు పిల్లలు.

"కాదండీ," అంటూ కుల్సుం లేచింది. "అక్కడ అట్టా రాయలేదండీ. వేరేది రాసుందండీ."

గది మొత్తం ఆ పిల్ల వైపు తిరిగింది. "అం... డ... కో..." పరీక్షాధికారి చేతి గడియారం చూసుకున్నాడు. "అండకోశం!" అని కుల్సుం గట్టిగా అరిచింది. అక్కడితో ఆగిందా అమలమ్మ? తక్కిన పిల్లలందరి చేతా ఒక్కో అక్షరం కూడబలికించింది! తర్వాత రెండో మాట. కుల్సుం "కేసరావళి" పూర్తి చేసేసరికి గంట కొట్టారు. పాఠం చివర చెయ్యాల్సిన పునర్విమర్శ అలాగే ఉండిపోయింది. పరీక్షాధికారి పుస్తకం మూసి లేచాడు.

"ఇంకా రెండు మాటలే ఉన్నాయండీ," అంది అమలమ్మ. "చదివేస్తదండీ. ఒక్క అయిదు నిమిషాలు..."

"టైమంటే టైమేనమ్మా," అని ఆయన వెళ్ళిపోయాడు.

అమలమ్మ పరీక్ష తప్పింది. అంత నిక్కచ్చి అయిన ఆ పరీక్షాధికారి ఎవరనుకుంటున్నారు? నేనే!

దానివల్ల జరిగిన మేలు చూడండి. అమలమ్మ ఉద్యోగం పోయింది. ఆమె బడికి ట్రెయిన్డ్ టీచరుగా రామకోటేశ్వరరావు చార్టు చంకలో పెట్టుకుని వెళ్ళాడు. "పిల్లలూ, మీ ఇంటి ముందు ఏ చెట్టు ఉంటుంది?" అని అడిగితే "చెరుకండీ!" అన్నారట. "ఈ పిల్లలకు తగిన శిక్షణ లేదు" అని అతను రిపోర్టు పంపాడు. నేను సంతకం పెట్టాను.

అంతా సవ్యంగా ఉందనుకుంటూ ఉంటే, మొన్న ఆఫీసుకి నా పేర ఒక కార్డు వచ్చింది. అక్షరాలు కొన్ని పైకెక్కాయి, కొన్ని కిందికి జారాయి.

"అయ్యా నమస్కారం. ఆ రోజు మీరు వెళ్ళిపోయారు. బల్ల మీద రెండు మాటలు ఉన్నాయి. నేను చదువుతాను. మీరు మళ్ళీ రండి. మా టీచరుగారిని పాస్ చెయ్యండి. కుల్సుం."

చూశారా ప్రమాదం? పిల్లలకి చదవడం వస్తే పరీక్షాధికారులకి ఉత్తరాలు రాస్తారు! పందొమ్మిదేళ్ళ సర్వీసులో మా బళ్ళ నుంచి ఒక పిల్ల నాకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. మందార పువ్వు ఏనాడూ నాకిలాంటి తిప్పలు తెచ్చిపెట్టలేదు.

కార్డు జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. మీ దగ్గర దాపరికమెందుకు, సిగ్గేసింది. మళ్ళీ పరీక్ష పెట్టడానికి వీలుందేమోనని రూల్సు పుస్తకం చూశాను. ఉంది. ఫెయిల్ చెయ్యడానికి రాసిన కారణం సరైంది కాదని పరీక్షాధికారే ఒప్పుకోవాలట. నేనా! నేను రాసిన కారణమా! అలా జరిగే అవకాశమే లేదనుకుంటూ రిజిస్టరు తెప్పించి పేజీ తిప్పాను.

అమలమ్మ పేరుకి ఎదురుగా, నా దస్తూరీలో, నా సంతకం పైన ఇలా ఉంది:

"విద్యార్థిని చదువుతూ ఉన్నందువల్ల పాఠం పూర్తి కాలేదు."