గొర్రె తల పెట్టి తెచ్చుకున్న ఇంటర్నెట్

అల్మాటి నగరంలో వ్యాపారాలు చేసుకునే సమస్త జనులకూ తెలియజేయునది ఏమనగా, మా సంస్థ తన కొత్త ఇంటర్నెట్ కనెక్షన్‌ను పూర్తి పారదర్శకంగా, ఎవరి ఒత్తిడికీ లొంగకుండా ఎంచుకుంది. ఎంపిక సంఘం కార్యదర్శిగా ఆ వివరాలు మీ ముందుంచే భాగ్యం నాకు దక్కింది. ఎనిమిదేళ్ళుగా మా ఆఫీసు మినిట్స్ రాస్తున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను. ఎవరూ చదవరు కాబట్టి నాకు భయం లేదు.

పెళ్ళి విందుల్ని, రాలేని చుట్టాలకు ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపించడం మా వృత్తి. కింద విందు హాలు, మూడో అంతస్తులో మేము. మా వైపు పెళ్ళికి ఐదొందలమంది వస్తే ఇంకో ఐదొందలమంది రాలేక అలుగుతారు. ఆ అలకలమీదే మా పదహారు కుటుంబాలు బతుకుతున్నాయి. అలాంటిది, అక్టోబరు నెలలో మా పాత కనెక్షన్ కన్నుమూసింది. సరిగ్గా పది రోజుల్లో ఒక పెద్ద పెళ్ళి. పెళ్ళికూతుర్ని చిన్నప్పటినుంచీ పెంచిన నాయనమ్మ ఝమాల్ అవ్వకు తొంభై ఒక్కేళ్ళు. తుంటి విరిగి, వెయ్యి కిలోమీటర్ల అవతల జైసాన్‌లో మంచం పట్టి ఉంది. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఐసులూ ఆవిడకు ఫోన్లో మాటిచ్చేసింది.

"అవ్వా, నీ మనవరాలి ముసుగు తీసే ఘడియ నీ కళ్ళారా చూపిస్తాను. పూచీ నాది," అంది.

"చూపించు తల్లీ. ఆ తర్వాత పైవాడు పిలిచినా వెళ్తాను. అంతదాకా మాత్రం వాణ్ణి గుమ్మంలోనే కూచోబెడతా," అందిట అవ్వ.

ఈ ఐసులూకు ఒక దురలవాటుంది. పని చెప్పగానే చేసేస్తుంది. రెండు రోజులు ఊరంతా తిరిగి, మూడు కంపెనీల్ని వాకబు చేసి, ఒక పేజీ రాసుకొచ్చింది. మొదటి కంపెనీ తీగ మా భవనానికి ఎనిమిది వీధుల అవతల ఆగిపోయింది, వచ్చే వసంతానికి వస్తుందట. మూడో కంపెనీది తీగ లేకుండా డాబామీది యాంటెన్నాతో వచ్చే కనెక్షన్, గాలి ఉధృతంగా లేని రోజుల్లో బాగానే ఉంటుంది. రెండో కంపెనీ తీగ మాత్రం మా భవనం నేలమాళిగలోకి ఎప్పుడో వచ్చి, అడిగేవాడు లేక చుట్ట చుట్టుకుని పడుంది. ఆ పేజీని ఎంపిక సంఘం ఎంతో మెచ్చుకుంది. టీ కెటిల్ కింద పెట్టడానికి సరిగ్గా సరిపోయింది.

ఎందుకంటే అసలు విషయాలు అందులో ఒక్కటీ లేవు. మొదటి కంపెనీ ప్రతినిధి స్వయానా మా అధిపతి దౌలెత్ గారికి వియ్యంకుడు. (ఆయన్ని మేం గౌరవంగా దౌకే అంటాం.) మూడో కంపెనీ ప్రతినిధి మా లెక్కల రౌషన్ అక్కకు పెద్దమ్మ కొడుకు. రెండో కంపెనీవాడు ఎవరికీ ఏమీ కాడు. ఏడు తరాలు వెనక్కి వెళ్ళి గాలించాం. ఏడో తాత దగ్గర కూడా ఏమీ తగల్లేదు. అలాంటి మనిషిని నమ్మి ఆఫీసులోకి తీగ ఎలా రానిస్తాం?

"నేను నిష్పక్షపాతిని," అని దౌకే సంఘాన్ని ఉద్దేశించి ప్రసంగించారు. "వియ్యంకుడైనా, పరాయివాడైనా నా దృష్టిలో సమానమే. కాకపోతే వియ్యంకుడికి కోపమొస్తే మా అమ్మాయి అత్తారింట్లో ఎలా తలెత్తుకుంటుంది? ఈ సాంకేతిక అంశాన్ని సభ్యులు గమనించాలి."

"మా అన్నయ్యకి మాత్రం కోపం రాదా? వాడి కోపం కూడా సాంకేతికమే!" అంది రౌషన్ అక్క.

మూడు సమావేశాలు ఇలాగే ముగిశాయి. చివరికి, తాతల నాటినుంచీ ఎవరూ తప్పుపట్టని పద్ధతి ఒకటుంది కదా, దాన్నే పాటిద్దామని తీర్మానించాం. ముగ్గురు ప్రతినిధుల్నీ భోజనానికి పిలవాలి. గొర్రెను కోయాలి. పంక్తిలో పైస్థానం ఎవరికి దక్కుతుందో, గొర్రె తల ఎవరి ముందు పెడతామో, ఎవరు అరచేతులు చాచి దీవెన ఇస్తారో, ఒప్పందం వాళ్ళదే. ఇంతకన్నా శాస్త్రీయమైన టెండరు నా ఎరుకలో లేదు.

మంగళవారం మధ్యాహ్నం సమావేశపు గదిలో బల్లలు తీసేసి తివాచీలు పరిచాం. అర్హతల పరిశీలన మొదలైంది. తండ్రి బతికున్నవాడు గొర్రె తల ముట్టకూడదన్నది మాలో కట్టుబాటు. కాబట్టి మొదటి ప్రశ్న అదే.

"మా నాన్న నిక్షేపంగా ఉన్నాడండీ. పొద్దున్నే కొండెక్కి దిగాడు," అన్నాడు రెండో కంపెనీ ప్రతినిధి, పాపం, సంతోషంగా.

సంఘం తన విచారాన్ని వెలిబుచ్చి, అతన్ని అనర్హుడిగా ప్రకటించింది. మిగిలిన ఇద్దరికీ అదృష్టవశాత్తూ తండ్రులు లేరు. కానీ ఇద్దరికీ యాభై నాలుగేళ్ళే! వియ్యంకుడు మార్చిలో పుట్టానన్నాడు. రౌషన్ అక్క అన్నయ్య జూన్‌లో పుట్టినా వంశంలో తమ శాఖే పెద్దదన్నాడు. ఇద్దరూ పైస్థానం వైపు ఒకేసారి కదిలి, ఒకే దిండుమీద చెరిసగం కూర్చున్నారు. పళ్ళెంలో తల చల్లారిపోతోంది. నేను మినిట్స్‌లో ఏం రాయాలో తెలియక గొర్రె బరువు రాసుకున్నాను.

సరిగ్గా అప్పుడు తలుపు తీసుకుని కెంజెబాయ్ పెద్దాయన లోపలికొచ్చాడు. మా భవనంలో నీళ్ళ గొట్టాలు, చలికాలం గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు చూసేది ఆయనే. డెబ్భై ఏడేళ్ళు, తెల్లటి గడ్డం, చేతిలో పెద్ద పానా. అందరూ గబుక్కున లేచి నిలబడ్డారు. అంత వయసున్న మనిషి గదిలోకి వచ్చాక ఇంకెవరైనా పైన కూర్చుంటే వాడి వంశం వంశమంతా నవ్వులపాలు. వియ్యంకుడూ లేచాడు, అన్నయ్యా లేచాడు. పెద్దాయన్ని చేతులమీద తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళి దిండుమీద కూర్చోబెట్టారు.

"అయ్యో, నేను రేడియేటర్లో గాలి తీసి పోదామని వచ్చాను నాయనా! నాకెందుకివన్నీ?" అన్నాడాయన.

మర్యాద తెలిసినవాడు తలను వెంటనే అందుకోడు. మూడుసార్లు వద్దంటాడు. ఈయన నాలుగుసార్లు వద్దన్నాడు. దాంతో ఎంత పెద్దింటి మనిషో అందరికీ అర్థమైపోయింది. చివరికి ఆకలేసి తిన్నాడు. తిన్నాక దీవెన అడిగాం. చేతులు చాచి, ఆయనకు వచ్చిందే దీవించాడు.

"మీ గొట్టాల్లో గాలి చేరకుండుగాక! ఏ కీలు దగ్గరా కారకుండుగాక! చలికాలమంతా పారుతూనే ఉండుగాక!"

"ఆమీన్!" అని ఆచారం ప్రకారం అందరం అరచేతులతో మొహాలు తుడుచుకున్నాం.

తుడుచుకున్న చేతులు దించాకగానీ ఏం జరిగిందో మాకు తట్టలేదు. దౌకే మొహం పాలిపోయింది. కానీ తల పెట్టి, దీవెన పుచ్చుకుని, మాట తప్పడమా? ఆయన గొంతు సవరించుకుని, కెంజెబాయ్ పెద్దాయనను మా ఇంటర్నెట్ సరఫరాదారుగా ప్రకటించారు.

"ఇంటర్నెట్టా? నాకు నీళ్ళు తప్ప ఏం తెలీదయ్యా!"

"అదీ గోడలోంచి గొట్టంలోనే వస్తుంది పెద్దాయనా. మీకు కొత్తేం కాదు," అని ధైర్యం చెప్పారు దౌకే.

పెద్దాయన తలగోక్కున్నాడు. చేతులు తుడుచుకోవడానికి కెటిల్ కింది కాగితం లాగి, అలవాటు కొద్దీ అద్దాలు పెట్టుకుని చదివాడు. ఐసులూ నివేదికను మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివిన ఏకైక వ్యక్తిగా ఆయన పేరు మా చరిత్రలో నిలిచిపోతుంది.

"అమ్మాయీ, ఇందులో గొడవేముంది? ఈ రెండోవాడి తీగ కింద నా గొట్టాల పక్కనే పడుంది. రోజూ తట్టుకుని పడబోతుంటాను. పైకి లాక్కుంటే సరి!"

"అదే కదా తాతా నేను నాలుగు రోజులుగా మొత్తుకుంటున్నది!" అంది ఐసులూ. ఏడుస్తోందో నవ్వుతోందో పోల్చుకోలేకపోయాను.

బుధవారం సాయంత్రానికి కనెక్షన్ వచ్చేసింది. ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆఫీసులో అందరం నివ్వెరపోయాం. అంతలోనే అనుమానాలు మొదలయ్యాయి. వియ్యంకుడు అలిగాడు. రౌషన్ అక్క అన్నయ్య ఫిర్యాదు రాశాడు. ఊరంతా ఒకటే ప్రశ్న: ఏ బంధుత్వమూ లేనివాడికి ఇంత పెద్ద పని ఎలా ఇచ్చారు? లోపల్లోపల ఏం నడిచింది? శనివారం పొద్దున, మూడు గంటలకు పెళ్ళి అనగా, విచారణ సంఘం కూర్చుంది. ఎంపిక సంఘమే కుర్చీలు మార్చుకుని విచారణ సంఘమైంది. వియ్యంకుడూ, అన్నయ్యా ఫిర్యాదీలుగా వచ్చి కూర్చున్నారు.

"ఈ ఆఫీసులో మీ చుట్టాలెవరు?" అని అడిగారు దౌకే.

"ఎవరూ లేరు," అన్నాడు పెద్దాయన.

"మరి పని మీకెలా వచ్చింది?"

"ఏమో. పని జరుగుతోందిగా?"

ఈ సమాధానం సంతృప్తికరంగా లేదని నేను రాసుకున్నాను. సంస్థ పరువు దృష్ట్యా, నిజం తేలేదాకా తీగ కత్తిరించి ఉంచాలని తీర్మానం తయారైంది. రౌషన్ అక్క కత్తెర తెచ్చింది. అటు జైసాన్‌లో ఝమాల్ అవ్వకు అప్పటికే తెల్లటి తలగుడ్డ చుట్టి, వీపుకు మూడు దిండ్లు ఎత్తుపెట్టి, తెర ముందు కూర్చోబెట్టారు. ఐసులూ ఫోన్లో అవ్వ మళ్ళీ మళ్ళీ అడుగుతోంది, "మొదలైందా తల్లీ?" అని.

ఐసులూ తన పేజీ తీసి వేగాలు చదవబోయింది. ఎవరూ వినలేదు. రెండో కంపెనీ హామీపత్రం చూపించింది. ఎవరూ చూడలేదు. కత్తెర తీగను ముట్టుకుంది. అప్పుడా పిల్ల కాగితాలన్నీ కింద పడేసి కేకేసింది.

"ఆయన మా అమ్మకి మేనమామ!"

రౌషన్ అక్క కత్తెర వెనక్కి తీసుకుంది. పెద్దాయన నోరు తెరవబోయాడు. ఐసులూ ఆయన కాలు గట్టిగా తొక్కింది.

"ఓసి పిచ్చిదానా! ఈ ముక్క ముందే చెప్పొద్దూ!" అంటూ దౌకే వెళ్ళి పెద్దాయన్ని కావలించుకున్నారు. రౌషన్ అక్క కళ్ళొత్తుకుంది. వియ్యంకుడు కూడా మెత్తబడి, "సొంత తాతకి ఇప్పించుకుందా? అయితే న్యాయంగానే జరిగింది," అని ఫిర్యాదు వెనక్కి తీసుకోమని అన్నయ్యకు చెప్పాడు. నేను మినిట్స్‌లో "ఎంపిక కేవలం ప్రతిభ ఆధారంగా జరిగింది" అని రాసి గీత గీశాను.

మూడు గంటలకు ముసుగు తీశారు. ఝమాల్ అవ్వ తెరను రెండు చేతులతో పట్టుకుని, "చిక్కిపోయావే నా తల్లీ!" అని అరిచింది. హాలు స్పీకర్లలో ఐదొందలమంది విన్నారు. నేను ఏడ్చాను. కార్యదర్శులు ఏడవకూడదని నిబంధన ఏదీ లేదు.

సోమవారం నుంచి మా నేలమాళిగ మెట్లమీద పెద్ద వరస. కెంజెబాయ్ పెద్దాయన ఊళ్ళో ఆస్పత్రుల్లో, కాలేజీల్లో, ఆఖరికి నగర కార్యాలయంలో కూడా గొట్టాలు చూస్తాడట. అంటే లోపల ఎంత పలుకుబడి ఉండాలి! ఐసులూ చేత ఆయనకొక మాట చెప్పించుకుంటే చాలు. మా బావమరిదికి పళ్ళ డాక్టరు సీటు కావాలి, అందుకే నేనూ తెల్లారేసరికి వచ్చి నిలబడ్డాను. ఆమె మాత్రం మొన్ననే ఉద్యోగం మానేసింది, ఎందుకో అర్థం కాలేదు. అయినా వరస కదులుతూనే ఉంది. మీరు వెనకనుంచి అలా తోసుకురాకండి, నవ్వడం ఆపి నా తర్వాత నిలబడండి. ఇంతకీ మీరు ఎవరి తాలూకు?