అలక: పదిహేను నిమిషాలు

మంగళవారం ఉదయం ఏడూ ఇరవై రెండుకి నిమిషాలాయన టీ కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకుని, శనివారం కొండకి వెళ్తున్నామని ప్రకటించాడు. ఏడున్నర ప్రాంతంలో అని చెప్పి ఊరుకోవచ్చు కదా అంటారేమో. ఆయన ముందు ప్రాంతం, సుమారు, కాసేపు లాంటి మాటలు చెల్లవు. బస్సు డిపోలో టైంటేబుళ్లు వేసే గుమాస్తా ఆయన. ఇరవై ఆరేళ్లుగా ఏ బస్సు ఎన్నింటికి కదలాలో, ఏ స్టాపులో ఎంతసేపు ఆగాలో ఆయన గీసిందే గీత. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, పిలిచేవాళ్లు మాత్రం లేరు.

"ఎవరెవరం?" అంది భార్య, బెండకాయలు తరగడం ఆపకుండానే.

"మనిద్దరమే."

కత్తి ఆగింది. "మీ అక్కయ్య?"

"రాదు."

"ఆవిడ పిల్లలు?"

"రారు."

"పక్కింటివాళ్లు?"

"వాళ్లకి చెప్పనేలేదోయ్! మనిద్దరమే. నా స్నేహితుడి కారు కూడా అడిగి పెట్టాను."

ఆవిడ నమ్మలేనట్టు చూసింది. చూడదూ మరి! పెళ్లయి ఇరవై రెండేళ్లయింది, మొగుడితో ఒంటరిగా గుమ్మం దాటి ఒక్క ఊరు చూడలేదు. పెళ్లయిన కొత్తలో సముద్రం చూపిస్తానని తీసుకెళ్తే అక్కయ్య కూడా వచ్చి ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆ తర్వాత వెళ్లిన ప్రతి ప్రయాణంలోనూ ఆవిడ పని పదిమందికి నీళ్లందించడం, పిల్లల తలలు లెక్కబెట్టడం.

"సరే, వస్తాను. కానీ ఒక్క మాట," అంది. "ఈసారి కూడా మూడో మనిషి తగిలాడంటే నేనేం గొడవ చెయ్యను. ఇంకెప్పుడూ ఎక్కడికీ తీసుకెళ్లమని అడగను. అంతే."

గొడవ చేస్తానని ఉంటే ఆయన నిశ్చింతగా ఉండేవాడు. అడగను అనేసరికి గుండె జారింది. ఆవిడ అడగడం మానేసిందంటే ఆ విషయం ఆ ఇంట్లో ఇక లేనట్టే. కొత్తలో, పాట పాడతాను వినండి అనేది. మానేసింది. సాయంత్రం కాసేపు డాబా మీద కూర్చుందాం రండి అనేది. అదీ మానేసింది. కొండ మీద ఆ అభయారణ్యం, అందులో లోయ, లోయలో జలపాతం చూపించమని మాత్రం ఇంకా అడుగుతోంది. మిగిలింది అదొక్కటే.

అందుకే ఆయన ఆ రోజు ఆఫీసులో కూర్చుని ఒళ్లు దగ్గర పెట్టుకుని పథకం రాశాడు. కాగితం మీద ఏం రాయాలన్నా ఆయనకి సర్వీసు చార్టు తప్ప వేరే దారి తెలియదు. ఇంట్లో సరుకుల జాబితాకి కూడా "చేరు", "బయలుదేరు" అని గళ్లు గీసే మనిషి. చార్టు ఫారం తీసుకుని, ప్రయాణికుల సంఖ్య దగ్గర 2 అని వేసి, కింద వరసగా నింపుకుంటూ పోయాడు.

"6.05 బయలుదేరు. 6.20 తాళం వేశామా లేదా అన్న అనుమానం: 4 నిమిషాలు. 8.10 టీ, టీ బాగాలేదన్న మాట: 12 నిమిషాలు. 10.40 లోయ అంచు. చూపు: 7 నిమిషాలు. అలక: 15 నిమిషాలు. 11.02 బయలుదేరు. 11.20 కాలినడక."

అలక ఎందుకు పెట్టాడంటే, ఏ ప్రయాణంలోనైనా ఆవిడ ఒక్కసారి అలుగుతుంది. పదిహేను నిమిషాలన్నది ఇరవై రెండేళ్ల అనుభవం మీద తీసిన సగటు. పాపం, అలకకి కూడా చోటిచ్చానని ఆయన మనసులో మురిసిపోయాడు.

శనివారం సెలవు కావాలి కాబట్టి అర్జీ రాశాడు. సెలవు నిజంగానే అవసరమని మేనేజరుకి తెలియాలని పథకాన్ని కూడా జత చేశాడు. అక్కడే కొంప మునిగింది. ఇరవై ఆరేళ్లుగా చార్టు పైన, ఉత్తరం కింద పెట్టి గుండుసూది గుచ్చిన చెయ్యి అది. ఆ రోజూ అలాగే గుచ్చింది. అవతల మేనేజరుది ఇంకో అలవాటు. ఆ కుర్చీలో కూర్చుని తొమ్మిదేళ్లయింది, పై కాగితం మీద సంతకం పెట్టడమే గాని పేజీ తిప్పి ఎరగడు.

సంతకం పడింది. కాగితం టైపిస్టు దగ్గరికి వెళ్లింది. ఆవిడ చార్టు చూసి, ఇద్దరు ప్రయాణికులకి బస్సేమిటి, రెండు ముందు నాలుగు వెయ్యడం మర్చిపోయి ఉంటారని జాలిపడి, తనే దయతో ఆ నాలుగు వేసేసింది.

బుధవారం ఉదయం నిమిషాలాయన డిపోలో అడుగుపెట్టేసరికి నోటీసు బోర్డు దగ్గర గుంపు. "కొండ స్పెషల్. ఈ శనివారం. 42 సీట్లు." కింద తన చార్టు, అక్షరం పొల్లుపోకుండా.

పెద్ద డ్రైవరు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాస్టారూ, ముప్పై ఏళ్లుగా బండి నడుపుతున్నాను. ప్రయాణికుల బాధలు ఇంత తెలిసిన చార్టు ఇప్పటిదాకా చూళ్లేదు. తాళం అనుమానానికి కూడా టైం ఇచ్చారంటే, మీరు మామూలు మనిషి కాదండీ!"

నిమిషాలాయన పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క పరుగున మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"సార్, ఆ కొండ స్పెషల్..."

"నాదే ఆ ఆలోచన!" అన్నాడు మేనేజరు, మొహం చేటంత చేసుకుని. "పైఆఫీసు నుంచి ఇప్పుడే ఫోను. మెచ్చుకున్నారు. శనివారం నేను కూడా వస్తున్నాను, మా అత్తగారిని తీసుకుని."

"సార్, అది నా సెలవు చీటీతో పాటు..."

"సెలవా! ఆ బస్సు నిమిషం తేడా రాకుండా నడవాలంటే నువ్వు అందులో ఉండాలయ్యా. నీకు ఆ రోజు దాని మీదే డ్యూటీ. మీ ఆవిడని కూడా తీసుకురా, నేనేం అనుకోను."

బస్సు మంజూరైంది, సెలవు కాలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, "కారు దొరకలేదోయ్, బస్సులో వెళ్దాం" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"బస్సయితే ఏంటి? ముక్కూ మొహం తెలియనివాళ్లు మూడో మనిషి కింద రారులెండి," అంది ఆవిడ. ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. మిగతాది రేపు చెప్పొచ్చులే అనుకున్నాడు.

మర్నాడు ఆయన చెప్పేలోపే అక్కయ్య డిపోకి వచ్చింది.

"తమ్ముడూ, కొండకి బస్సేశారటగా! నువ్వేసిన చార్టేనటగా! నలుగురం వస్తున్నాం. మీ వీధిలో వాళ్లందరికీ కూడా చెప్పాను. నీ పేరు నిలబెట్టొద్దూ?"

"అక్కయ్యా, నువ్వు... అంటే, మోకాళ్ల నొప్పులు కదా..." అని నీళ్లు నమిలాడు.

"నీకోసం ఆ మాత్రం ఓర్చుకోలేనా? మరదలికి చెప్పకు, వాళ్లనీ చెప్పొద్దన్నాను. చూసి ఆశ్చర్యపోవాలి."

నిమిషాలాయన చెప్పలేదు. గురువారం చెప్పలేదు, శుక్రవారమూ చెప్పలేదు. పిరికితనానికి మాత్రం ఆయన దగ్గర టైంటేబుల్ ఉండేది కాదు.

శనివారం ఆరింటికి ఆవిడ లేత నీలం చీర కట్టుకుని, భుజాన చిన్న సంచి వేసుకుని, ఇద్దరికి సరిపడా రొట్టెలు, రెండంటే రెండు ఉడకబెట్టిన గుడ్లు పెట్టుకుని బస్సెక్కింది.

"మరదలా!" అని లోపల్నుంచి కేక. "ఇటు రా, నీకు కిటికీ పక్కన సీటాపాను! ఆ నీళ్లసీసా ఇలా ఇయ్యి, పిల్లలకి దాహమట!"

వెనకాల పక్కింటివాళ్లు, వాళ్ల వెనకాల ఎదురింటివాళ్లు, మొత్తం వీధికి వీధే కూర్చుని చేతులూపుతోంది. ముందు సీట్లో మేనేజరు, పక్కన వాళ్ల అత్తగారు. నలభై రెండు సీట్లలో ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్కడూ లేడు.

ఆవిడ మొగుడి వైపు చూసింది. "బావుంది," అంది. అని వెళ్లి వదిన పక్కన కూర్చుని నీళ్లసీసా అందించింది.

ఆరూ ఇరవైకి పెద్ద డ్రైవరు బస్సు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. చార్టు చూసి, గట్టిగా చదివాడు. "తాళం అనుమానం! నాలుగు నిమిషాలు!"

అప్పటిదాకా ఎవరికీ లేదు. ఆ మాట వినగానే బస్సంతా అనుమానం అంటుకుంది. "అయ్యో, వెనక తలుపు వేశావా?" "నువ్వేస్తావనుకున్నాను!" "గ్యాసు కట్టానంటారా?" అక్కయ్య సంచి మొత్తం ఒళ్లో కుమ్మరించుకుని తాళంచెవి వెతికింది. నాలుగు నిమిషాలు కాగానే డ్రైవరు, "అనుమానం అయిపోయింది!" అని బండి కదిలించాడు. ఎవరి అనుమానమూ తీరలేదు.

ఎనిమిదీ పదికి టీ. "టీ బాగాలేదనుకోవాలి, పన్నెండు నిమిషాలు," అని డ్రైవరు కొట్టువాడికి వినబడేలా చదివాడు. కొట్టువాడు గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. నిజానికి టీ చాలా బాగుంది. ఆ సంగతి వాణ్ని ఒప్పించడానికి పన్నెండు నిమిషాలూ సరిపోయాయి.

ఆవిడ మళ్లీ బస్సెక్కుతూ మొగుడి దగ్గర ఆగింది. "ఈ చార్టు ఎవరేశారు?"

"డిపోవాళ్లు."

"డిపోలో ఎవరు?"

ఆయన కిటికీలోంచి చెట్లు చూడటంలో మునిగిపోయాడు.

పదీ నలభైకి లోయ అంచు వచ్చింది. ఎంత లోతో, ఎంత పచ్చనో! అవతలి కొండ మీంచి జలపాతం తెల్లటి దారంలా జారుతోంది. ఆవిడ కట్టుగోడ మీద చేతులు ఆనించి, నోరు తెరిచి, ఆ ఏడు నిమిషాలూ అన్నీ మర్చిపోయింది. ఎనిమిదో నిమిషం మొదలవగానే వెనకనుంచి ఈల వినబడింది.

"చూపు అయిపోయింది!" అని అరిచాడు డ్రైవరు. "ఇప్పుడు అలక! పదిహేను నిమిషాలు!"

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఎవరు అలగాలి?" అంది అక్కయ్య.

"చార్టులో ఉందంటే ఎవరో ఒకరు అలగాల్సిందే," అన్నాడు మేనేజరు. "అది నేను సంతకం పెట్టిన చార్టు." వెంటనే ఆయన అత్తగారు, పొద్దుట్నుంచీ తనకి కిటికీ పక్కన చోటివ్వలేదని మూతి ముడుచుకుని అటు తిరిగింది. అల్లుడు హడలిపోయాడు.

నిమిషాలాయన భార్య నెమ్మదిగా వచ్చి డ్రైవరు చేతిలోంచి కాగితం తీసుకుంది. మొదటినుంచీ చివరిదాకా చదివింది. తాళం, టీ, అలక. ఇరవై రెండేళ్లు ఆయనతో కాపురం చేసిన మనిషికి ఇంకెవరైనా విడమర్చి చెప్పాలా?

"నేను అలిగినప్పుడల్లా మీరు గడియారం చూసుకుంటూ కూర్చున్నారా?" అంది.

"సగటేనోయ్," అన్నాడు నిమిషాలాయన. "ఒక్కోసారి ఇరవై కూడా పట్టేది..."

ఆవిడ కాగితం మడిచి ఆయన జేబులో పెట్టి, అందరికీ దూరంగా వెళ్లి, ఒక బండరాయి మీద లోయకేసి తిరిగి కూర్చుంది.

పదకొండూ రెండయింది. నలభైమందీ ఎక్కారు. డ్రైవరు ఇంజను వేసి కిటికీలోంచి తల బయట పెట్టాడు. "మాస్టారూ, టైమయింది! అమ్మగారిని పిలవండి!"

"రెండు నిమిషాలు ఆగు."

"అదేంటండీ! ఎవరికోసమూ, సొంత మనుషుల కోసమైనా సరే, బండి ఆపొద్దని డిపోలో బోర్డు రాయించింది మీరేగా?"

నిమిషాలాయన బస్సుకేసి చూశాడు. ఇరవై ఆరేళ్లలో తన బస్సు ఒక్కటీ ఆలస్యంగా కదల్లేదు. బండరాయి కేసి చూశాడు. ఆ వీపు చూస్తుంటే ఏడుపొచ్చింది. ఈ మనిషి అడగడం మానేస్తే తనకి ఇంట్లో వినడానికి గడియారం చప్పుడు తప్ప ఏం మిగులుతుంది?

"పోనీ," అన్నాడు.

"మీరు?"

"పోనీవోయ్! నిమిషం దాటింది!"

బస్సు కదిలింది. వెనక కిటికీలోంచి అక్కయ్య సగం బయటికి వంగి, "తమ్ముడూ! రొట్టెల సంచి మరదలి దగ్గరుండిపోయింది!" అని మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉంది.

ఆయన వెళ్లి బండరాయి చివర కూర్చున్నాడు.

"బస్సు వెళ్లిపోయింది," అన్నాడు.

"వినబడింది."

"మళ్లీ ఇటు రాదు. ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు."

"మరి మీరెందుకు ఉండిపోయారు?"

"నీ అలక ఇంకా తీరలేదుగా."

ఆవిడ అటు తిరిగే అడిగింది. "ఎంతసేపయింది?"

ఆయన అలవాటుగా మణికట్టు చూడబోయి ఆగాడు. వాచీ విప్పి ఆవిడ ఒళ్లో పెట్టాడు. "నాకు తెలీదు," అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదటిసారి.

ఆవిడ వాచీని సంచిలో అడుక్కి తోసేసి, చుట్టూ చూసింది. మనిషి అలికిడి లేదు. వదిన లేదు, వదిన పిల్లలు లేరు, నీళ్లు అడిగేవాళ్లు లేరు. గాలి, లోయ, దూరంగా జలపాతం హోరు. ఆవిడ పెదవులు బిగబట్టింది, లాభం లేకపోయింది. ఫక్కున నవ్వేసింది. "టీ బాగాలేదన్న మాటకి పన్నెండు నిమిషాలా! ఛీ, మీ చార్టు తగలెయ్య!"

అటుగా వచ్చిన అటవీ గార్డు, ఇక్కడినుంచి జలపాతం దాకా కాలిబాట ఉందని, దాని చివర అతిథిగృహంలో ఒక గది ఖాళీగా ఉందని, ఇంకో బస్సు రేపు మధ్యాహ్నం గాని రాదని చెప్పి వెళ్లాడు. ఇద్దరూ చెరో గుడ్డూ తిని నడక మొదలుపెట్టారు. కొంత దూరం పోయాక ఆయన, "ఏమోయ్, ఒక పాట పాడకూడదూ?" అన్నాడు.

"ఎన్ని నిమిషాలు కేటాయించారేం?" అంది ఆవిడ. అని పాడింది.

సోమవారం ఉదయం మేనేజరు, ఇద్దరు మనుషులు ఎలా తగ్గారో తేల్చుకోవడానికి తొమ్మిదేళ్లలో మొదటిసారి పేజీ తిప్పాడు. అక్కడ సెలవు అర్జీ కనబడింది. ఎవరూ చూడకుండా దాని మీద కూడా సంతకం పెట్టాడు.

డిపో రిజిస్టరులో మాత్రం పెద్ద డ్రైవరు అప్పటికే రాసేశాడు: కొండ స్పెషల్, వెళ్లినవారు నలభై రెండు, వచ్చినవారు నలభై, ఆలస్యం లేదు.