బోడిమూల ఊపిరి

“ఏమయ్యో, గా పొగ కొలిచేటోళ్లు మన పెంటకుప్పను జూస్తే మనల్ని పట్కపోతరో ఏమో!”

శంకరవ్వ ఈ మాట అనేసరికి ఇంకా ఏమీ జరగలేదు. పొయ్యి మీద చాయ కూడా కాగలేదు. కానీ ఆమె మనసులో అప్పటికే పోలీసు జీపు వచ్చింది, మొగుడికి బేడీలు పడ్డాయి, బర్రె దిక్కులేనిదైంది.

“పొగ గాదే పిచ్చిదానా, గాలి! మన్ను ఇడిసే గాలి కొలుస్తరు. ఎవలి తోటల తక్కువొస్తే ఆళ్లకు సోలార్ మోటరిస్తరు,” అన్నాడు హనుమండ్లు మీసం దువ్వుకుంటూ.

హుస్నాబాద్ పక్క పల్లెలో వాళ్లది టమాట తోట. ఉన్న డీజిల్ ఇంజను ముసలి అత్తలా రోజంతా దగ్గుతుంది, నీళ్లు మాత్రం పోయదు. వచ్చే ఎండాకాలం తోట బతకాలంటే ఆ సోలార్ మోటరు రావాల్సిందే.

“మరి చలికి పెంటకుప్ప మీదికెళ్లి పొగ లేస్తది గదా?”

“నువ్వు ఫికర్ జెయ్యకు. నాకాడ ఉపాయమున్నది. రేపు గాలి కొలిచే మేడం వచ్చినంక నువ్వు మాత్రం నోరు తెర్వకు. నీ నోట్లెకెళ్లొచ్చే గాలికే మిషన్ పల్గుతది.”

అని టమాట గంపలతో అంగడికి పోయాడు.

శంకరవ్వకు గుండె నిలవలేదు. పార తీసింది. ఏ మొక్కా మొలవని బోడిమూలలో గొయ్యి తవ్వి, పెంటకుప్పనంతా గంపలకెత్తి తెచ్చి బొంద పెట్టింది. పైన మన్ను కప్పి, నీళ్లు చల్లి, ఇల్లు అలికినట్టు నున్నగా అలికింది. ముగ్గు కూడా వేద్దామనుకుంది గానీ అనుమానం వస్తుందని మానుకుంది.

హనుమండ్లు చీకటిపడ్డాక వచ్చి తిని పడుకున్నాడు. ఏమీ చూడలేదు.

తెల్లారి తోటల గాలి కొలిచే సృజన వచ్చింది. ఆమె చేతిలో బోర్లించిన గంజు గిన్నెలాంటి డబ్బా, దానిమీద అంకెలు చూపే చిన్న తెర.

“పంట మడి జూపెట్టుండ్రి పెద్దయ్యా.”

హనుమండ్లు నిండుగా కాసిన సాళ్లన్నీ దాటించి ఆమెను నేరుగా బోడిమూలకు తీసుకుపోయాడు. మొక్క లేదు, ఎరువు లేదు, ఇక గాలి ఎక్కడిది? అదీ ఉపాయం!

“గిదే మేడం, టమాట మడి. మొన్ననే చెట్లు పీకినం.”

శంకరవ్వ ఉరికొచ్చి అడ్డం నిలబడింది. “ఏమయ్యా, గాడ వద్దు…”

“నోరు!”

“అది గాదయ్యా, గా మూలకు…”

“నిన్న ఏం జెప్పిన నీకు?”

శంకరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

సృజన డబ్బా బోర్లించింది. అంకెలు మొదట నడిచాయి, తర్వాత ఉరికాయి, తర్వాత ఎగిరాయి. చివరికి మిషన్ బస్సు కండక్టరులా ఈలేసింది. ఆమె ఆపి మళ్లీ పెట్టింది. ఈసారి ఈలకు గట్టు మీది కోళ్లు ఊరిదాకా పారిపోయాయి.

“పెద్దయ్యా! గింత ఊపిరి దీసే మన్ను నేనేడ జూడలే! కింద ఏమన్న పండుకున్నదా?”

“మిషన్ ఖరాబైనట్టున్నది మేడం!” హనుమండ్లు మొహం ముదిరిన వంకాయైంది.

సృజన డబ్బాను అసలైన టమాట సాళ్లలో పెట్టింది. మిషన్ పాలు తాగిన దూడలా సప్పుడు చేయలేదు.

“మిషన్ మంచిగనే ఉన్నది. గీ సాళ్ల లెక్క గూడ బాగున్నది. కని గా మూల టమాట మడే అంటే దాని గాలి గూడ మీ లెక్కల కలుస్తది, మోటరు రాదు. ఉత్త జాగ అంటే కలువది. కని కింద ఏమున్నదో తవ్వి జూపెట్టాలె.”

హనుమండ్లు పెళ్లాం పక్కకు జరిగి గుసగుసలాడాడు. “ఏమున్నదే కింద?”

ఆమె నోట్లోంచి కొంగు తీసింది. “పెంటకుప్ప.”

“ఎంత?”

“మొత్తం.”

“మరి జెప్పవేందే!”

“నోరు తెర్వద్దంటివి గద!”

సృజన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “జెప్పుండ్రి పెద్దయ్యా. గాడ టమాట ఉండెనా, లేదా?”

హనుమండ్లు ఆకాశం చూశాడు. టమాటలు చూశాడు. తన చెప్పులు చూశాడు. దూరంగా ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. పారిపోయిన కోళ్లు ఒక్కొక్కటే తిరిగొచ్చి గట్టు మీద సర్దుకున్నాయి. శంకరవ్వ మనసులో జీపు మళ్లీ స్టార్టయింది.

చివరికి హనుమండ్లు భుజం మీది తువ్వాల తీసి తలకు చుట్టుకున్నాడు.

“శంకరీ… పార యాడ వెట్టినవే?”