చియు వెన్‌తు దుప్పి కొమ్ము

ఆ బుధవారం ఉదయం చియు వెన్‌తు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎవరికీ తెలియకుండా ఆస్పత్రిలో చేరడం, గురువారం కుడి మూత్రపిండంలో రాయి తీయించుకోవడం, వారం తిరక్కుండా జియాయీ పట్నంలోని తన స్కూటర్ల మరమ్మతు కొట్టు మళ్లీ తెరవడం. ఎవరికీ అంటే, ముఖ్యంగా అక్క బావ్‌జూకి. ఆవిడకు తెలిస్తే మధ్యాహ్నానికల్లా వీధంతటికీ తెలిసినట్టే.

"ఇది మామూలు రాయి కాదు బాబాయ్," అంది డాక్టర్ షెన్, ఎక్స్‌రే చూపిస్తూ. "లోపల గదులన్నింట్లోకీ కొమ్మలేసింది. దీన్ని దుప్పి కొమ్ము అంటాం. వీపులో చిన్న రంధ్రం చేసి, పగలగొట్టి తీస్తాం. ఒక్కసారికే మొత్తం రాకపోవచ్చు."

ఒక్కసారికే వెన్‌తు ఎంతో కష్టం మీద ఒప్పుకున్నాడు. రెండోసారికి మాత్రం ఒప్పుకునేది లేదని మనసులో అప్పుడే తీర్మానించుకున్నాడు. వసారాలోని ఫోను దగ్గరికి వెళ్లి, చుట్టూ జనం ఉన్నారని గొంతు తగ్గించి ఇంటికి మాట్లాడాడు.

"పెద్ద దుప్పి కొమ్మట. నాలుగు కొమ్మలున్నాయట. రేపు ఎనిమిదింటికి ఆస్పత్రిలో బయటికి తీస్తారు. ఎవరికీ చెప్పకు. అక్కకి అసలే చెప్పకు."

అవతల "ఆఁ" అన్నది అతని భార్య యూలాన్ కాదు. ఆమె కూరగాయలకు వెళ్లింది. పంపర పనసకాయలు ఇచ్చిపోదామని వచ్చిన బావ్‌జూ ఫోనెత్తింది.

బియ్యం సారాలో నానేసిన దుప్పి కొమ్ము మోకాళ్లకు ఎంత మంచిదో ఆవిడకు వేరే చెప్పక్కర్లేదు. ఆస్పత్రి మూలికల విభాగం నుంచి తమ్ముడు చాటుగా సంపాదిస్తున్నాడన్నమాట! అదీ తనకు చెప్పకుండా! ఇంటికి తిరిగొచ్చిన యూలాన్‌ను నిలదీస్తే, ఆమె తెల్లమొహం వేసి "ఆస్పత్రిలో ఏదో చిన్న పని ఉందన్నారు వదినా" అని నసిగింది. దాంతో అనుమానం కాస్తా నిజమైపోయింది. ఆ ఉక్రోషంలో బావ్‌జూ కనబడ్డవాళ్లందరికీ చెప్పేసింది.

శుక్రవారం మధ్యాహ్నం వెన్‌తు వీపుకు గొట్టంతో పక్కకు తిరిగి పడుకుని ఉండగా అక్క వచ్చింది. వెంట ఇద్దరు పొరుగువాళ్లు, చంకలో సారా జాడీతో రిటైరైన హోంగ్ మాస్టారు.

"ఏరా, దుప్పటి కప్పుకుని దాక్కున్నావా? కొమ్మేదీ?"

సంగతంతా తెలిసిపోయిందనుకున్నాడు వెన్‌తు. "తీసేశారక్కా. ముక్కలు చేసి ల్యాబ్‌కి పంపారు."

"ల్యాబ్ వాళ్లకెందుకురా? వాళ్లకీ మోకాళ్ల నొప్పులా?"

అంతలో డాక్టర్ షెన్ వచ్చింది. "దాదాపు అంతా వచ్చేసింది బాబాయ్. బఠాణీ గింజంత ముక్క ఒకటి మిగిలింది. నెల తర్వాత తీసేద్దాం."

"అది నాకివ్వండి డాక్టరమ్మా!" అన్నారు మాస్టారు, జాడీ మూత తీస్తూ.

"తోడబుట్టిందాన్ని నేనుండగా మీకా?" అంది బావ్‌జూ.

"ఏం చేసుకుంటారు?" అంది డాక్టర్.

"సారాలో నానేసి తాగుతాం."

డాక్టర్ జాడీ కేసి చూసింది. "అది ఈయన మూత్రపిండంలో పెరిగిన రాయండీ."

మాస్టారు జాడీ మూత గట్టిగా బిగించారు. బావ్‌జూ దుప్పటి తొలగించి చూసింది. గొట్టం, దాని చివర ఎర్రటి నీళ్ల సంచీ కనబడ్డాయి. తమ్ముడి పాదాలు పట్టుకుని బావురుమంది.

"సన్నాసీ, నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే వీధంతా వస్తుందని."

ఆవిడ వెనక్కి తిరిగి తను తీసుకొచ్చిన వీధిని ఒకసారి చూసి కళ్లు తుడుచుకుంది.

"రెండోసారి నావల్ల కాదక్కా. భయంగా ఉంది."

"నోర్ముయ్. చెయ్యి పట్టుకుని నేను తీసుకొస్తా."

అందరూ కదులుతుంటే మాస్టారు వెనకబడ్డారు. "డాక్టరమ్మా, నాకూ ఈ ఎడమపక్క చాన్నాళ్లుగా బరువుగా ఉంటోంది. మోకాళ్ల వల్లేనంటారా?"

స్కాన్ తీస్తే వెన్‌తు దానికన్నా పెద్ద దుప్పి కొమ్ము బయటపడింది. నెల తర్వాత ఇద్దరికీ ఒకేరోజు ఆపరేషన్లు జరిగాయి. "ఏం కాదు మాస్టారూ, చీమ కుట్టినట్టుంటుంది" అని ధైర్యం చెప్పింది వెన్‌తే. అతని బఠాణీ గింజ అరగంటలో వచ్చేసింది. మాస్టారికి మాత్రం ముప్పావు వంతే వచ్చిందనీ, ఇంకా రెండు ముక్కలు మిగిలాయనీ డాక్టర్ గది నిండా ఉన్న జనం ముందే చెప్పింది.

ఈసారి ఎవరూ వాటా అడగలేదు.