రెక్కలున్న స్క్రూలపై సంఘం తీర్మానం

నిప్పును కనిపెట్టినవాడు ముందుగా కమిటీ వేయలేదు. లోకంలో ఇన్ని కొంపలు అంటుకోవడానికి కారణం అదేనని మా కార్యాలయం దృఢంగా నమ్ముతుంది. అందుకే మా ఇనుప మెట్ల మీది చెక్కలు పుచ్చిపోయినప్పుడు, కొత్త చెక్కలు బిగించే స్క్రూల ఎంపికకు ఏడుగురితో ఒక సంఘం ఏర్పాటైంది. (జన్మలో ఒక్క స్క్రూ బిగించినవారు అందులో ఎవరూ లేరు. పక్షపాతానికి తావుండకూడదు గదా.) సమావేశాల్లో జరిగింది రాసుకునే గుమాస్తాను నేను.

మొదటి సమావేశానికి మా వడ్రంగిని పిలిచారు. ఆయన భార్య పై అంతస్తులో రికార్డుల గదిలో పనిచేస్తుంది. రోజుకు ఇరవైసార్లు చేతుల నిండా ఫైళ్లతో, తన కాళ్లు తనకే కనపడకుండా, ఆ మెట్లు దిగుతుంది.

వడ్రంగి జేబులోంచి ఒక స్క్రూ తీసి బల్ల మీద పెట్టాడు. మొన డ్రిల్లు బిట్టులా ఉంది. దానికి కాస్త పైన రెండు బుల్లి రెక్కలున్నాయి.

"ఇది తన రంధ్రం తనే చేసుకుంటుందండీ. ఈ రెక్కలు చెక్కలో రంధ్రాన్ని వెడల్పు చేసి, ఇనుము తగలగానే విరిగిపోతాయి. అప్పుడు స్క్రూ ఒంటి మీది మర ఇనుమునే పట్టుకుని, చెక్కని గట్టిగా కిందికి అదుముతుంది."

"విరిగిపోతాయా?" అంటూ అధ్యక్షులవారు కళ్లజోడు తీశారు.

"విరగాలండీ. వాటి పనే అది."

మా కార్యాలయ చరిత్రలో, విరిగిపోతుందని ముందే ఒప్పుకున్న వస్తువు ఇదే మొదటిది. (తక్కినవన్నీ మర్యాదగా కొన్నాకే విరిగాయి.) పైగా స్క్రూ తనంతట తానే రంధ్రం చేసుకుంటే ఆ రంధ్రానికి అనుమతి ఎవరిచ్చినట్టని స్టోర్సు అధికారి అడిగారు. ఆ ఒక్క ప్రశ్న మూడు సమావేశాలు తినేసింది. చివరకు ప్రతి రంధ్రానికీ ముందుగానే అనుమతి పత్రం ఇవ్వాలనీ, రెక్కల్లేని స్క్రూలే కొనాలనీ తీర్మానించారు.

వడ్రంగి చేతులు జోడించాడు. "రెక్కలు లేకపోతే మర చెక్కనీ పట్టుకుంటుంది, ఇనుమునీ పట్టుకుంటుంది. మధ్యలో సందు ఉండిపోయి చెక్క ఊగుతుందండీ. మా ఆవిడ నడిచే మెట్లవి."

"కుటుంబ విషయాలు సంఘానికి అప్రస్తుతం" అని అధ్యక్షులవారు రాయమన్నారు. రాశాను. రాసినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

బిగింపు పూర్తయింది. ప్రతి చెక్క కిందా వేలు దూరేంత సందు తేలింది, అడుగు వేస్తే టక్కుమంది. సంఘం పరిశీలించి, సందు గాలి ఆడడానికనీ, చప్పుడు ఎవరో వస్తున్నారని తెలియడానికనీ నమోదు చేసింది.

మర్నాడు ఆవిడ కాలు జారింది. ఫైళ్లన్నీ కింద పడ్డాయి, ఆవిడ మాత్రం చేతికందిన కమ్మీ పట్టుకుని వేలాడింది. చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన మొగుణ్ణి చూడగానే అందుకుంది.

"ఏమయ్యా, ఇదేనా నీ పనితనం? మనింట్లో కాలిరిగిన కుర్చీ ఇంతకంటే నయం!"

"నేను చెప్పింది వింటేగా వాళ్లు!"

"నామీద అరవడానికైతే నీ గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుందే!"

ఆయన తల దించుకుని ఫైళ్లు ఏరాడు. ఆ మర్నాడు రెక్కల స్క్రూలు తనే కొనుక్కొచ్చాడు. అనుమతి లేని రంధ్రాలు చేసే ఉద్దేశంతో వచ్చాడని గేటు దగ్గరే లాక్కున్నారు.

జారిన సంగతిపై సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మెట్లు పూర్తిగా సురక్షితమని ఏడుగురూ సంతకాలు చేశారు. ఆ వెంటనే, అదే పెన్నుతో, పై అంతస్తులో ఉన్న తమ ఏడు బల్లలనూ కిందికి మార్చేందుకు ఉత్తర్వు నాచేత రాయించి, కమ్మీ పట్టుకుని ఒక్కొక్కరే దిగి వచ్చారు. ఉత్తర్వు మీద సంతకం పెట్టబోతే అదున్న ఫైలు పైనే ఉండిపోయిందని తేలింది.

తెచ్చిపెట్టమని ఆవిడకు కబురు పంపారు.