లిఫ్టు లెక్క

“ఆ డబ్బా పేలిందంటే మన గతేంటి?” అంది తల్లి పొద్దున్నే, ఇంకా ఏమీ జరగకముందే.

భోజనాల బల్ల మీద కూతురి ల్యాప్‌టాప్ రాత్రి నుంచి లెక్క చేస్తూనే ఉంది. లిఫ్టు ఎక్కడ వేగం అందుకోవాలి, ఎక్కడ తగ్గాలి, తక్కువ కరెంటుతో కుదుపు లేకుండా ఎలా ఆగాలి అన్నది అమ్మాయి పరిశోధన.

“పేలదమ్మా. ముందు ఏదో ఒక దారి ఊహించుకుంటుంది. చివరిదాకా పోయి ఎక్కడ తేడా కొట్టిందో చూసి, వెనక్కొస్తూ దిద్దుకుంటుంది. మళ్ళీ పోతుంది. తప్పు తగ్గేకొద్దీ తెర మీది ఈ అంకె తగ్గుతుంది.”

“నేను రోజూ చేసేదే కదే. అన్నిటికీ ముందే చివరిదాకా పోయి చూస్తాను.”

“నువ్వు అక్కడే కూర్చుంటావమ్మా. వెనక్కి రావు.”

ఆ రోజు అమ్మాయి ప్రొఫెసరు దీర్ఘసెలవు మీద వెళ్తున్నాడు. స్టేషన్‌కు పోతూ దారిలో ఆగి సిద్ధాంత గ్రంథం అధ్యాయాలు తీసుకుంటానన్నాడు. ఇంతకుముందు ఇచ్చినవన్నీ “చూస్తానమ్మా” అని సంచిలో పడేసుకున్నవే. ఈసారీ చదవకపోతే అమ్మాయి పట్టా మరో ఏడాది వెనక్కి పోతుంది. కాగితాలు గుండెకు హత్తుకుని, “దాన్ని మాత్రం ముట్టుకోకు” అని తల్లికి మరీ మరీ చెప్పి, ఆమె కిందికి దిగింది.

తల్లి ముట్టుకోలేదు. దూరం నుంచే చూసింది. తగ్గాల్సిన అంకె కాస్త పెరిగింది. ల్యాప్‌టాప్ రొద పెంచింది. టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టింది. చాలదనిపించి కూలర్ లాక్కొచ్చి అదే ప్లగ్గులో గుచ్చింది. టప్పుమని ఇంట్లో కరెంటు పోయింది.

“ఏవండీ, నేను ముట్టుకోలేదు” అంది ముందుగా.

సగం గడ్డం గీసుకున్న తండ్రి నురగ మొహంతోనే మీటర్ల గదికి పరుగెత్తాడు. అక్కడ మీటలన్నీ ఒకేలా ఉన్నాయి. తమదనుకున్నదాన్ని కిందికి లాగి, మళ్ళీ పైకి నెట్టబోతుంటే పైనుంచి భార్య కేక వినిపించింది.

“ఆగండి. ఇంకేదీ ముట్టుకోకండి, షాక్ కొడుతుంది.”

ఇన్నేళ్ళ సంసారంలో ఆమె చెప్పగానే ఆయన విన్నది ఆ ఒక్కసారే. మీట కిందనే ఉండిపోయింది. అది లిఫ్టుది.

“మీ అమ్మాయీ, వాళ్ళ సారూ లిఫ్టులో ఇరుక్కుపోయారు. రైలుకింకా టైముంది, ఏదో అంకె చూసి పోతానని ఆయన కూడా ఎక్కాడు” అని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు.

పైన ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద తన దారి తాను దిద్దుకుంటూనే ఉంది. అంకె బుద్ధిగా దిగడం ఎవరూ చూడలేదు.

తల్లి మెట్ల మీద పరుగెత్తి లిఫ్టు తలుపుకు చెవి ఆనించింది. సందులోంచి ఎమర్జెన్సీ దీపం వెలుగు కనిపిస్తోంది, మాట మాత్రం వినిపించడం లేదు. పెద్దాయన గుండె ఆగిపోయి ఉంటుంది. అమ్మాయి మీద కేసు పెడతారు. పట్టా సంగతి దేవుడెరుగు.

“బంగారూ, గాలి ఆడుతోందా?”

తలుపు తట్టింది.

“సార్, మా పిల్ల తప్పేం లేదు. అంతా నేనే చేశాను. ఆ కోపం దాని కాగితాల మీద చూపించకండి. ఈ లెక్కతో దానికి తిండీ లేదు, నిద్రా లేదు.”

మీట ముట్టుకోకుండా వాచ్‌మన్‌ను ఎలక్ట్రీషియన్ కోసం పంపి, ఆరిపోయిన నురగతో తండ్రి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ తలుపుకు చెవులు ఆనించారు. చాలాసేపటికి లోపల కాగితం తిప్పిన చప్పుడైంది.

“అమ్మా,” అంది కూతురు చివరికి, గొంతు బాగా తగ్గించి. “కరెంటు అప్పుడే వెయ్యొద్దని నాన్నకి చెప్పు. సార్ చదువుతున్నారు.”